బీరువా నిండా నీతికథలేనా?

(ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాంప్లెక్స్ హెడ్మాస్టరు గారికి, సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) మిత్రులకు, రెండేసి బస్సులు మారి పొద్దున్నే ఇక్కడికి చేరిన టీచర్లకు మరీ ప్రత్యేకంగా. భోజనాల ముందు సెషన్ నాకు పెట్టారు. అంటే సాంబారు వాసన మొదలయ్యేలోపు నేను ముగించాలి, లేకపోతే మీరు వినరు. (నవ్వులు)

మీ బడిలో ఉన్న పుస్తకాలను ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. రీడింగ్ కార్నర్‌లో ఉన్నవైనా సరే, ఆఫీసు రూములో తాళం వేసిన బీరువాలో ఉన్నవైనా సరే. నేను తిరిగిన బళ్ళలో చాలాచోట్ల కనబడే సరుకు ఇది: పంచతంత్రం మూడు నాలుగు రకాల ముద్రణల్లో, తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న, పరమానందయ్య శిష్యులు, అక్బర్ బీర్బల్, ఆ పైన జాతీయ నాయకుల జీవితాలు ఒక కట్ట. ఇవి చెడ్డ పుస్తకాలని నేననను. పరమానందయ్య శిష్యుల కథ విని నవ్వని పిల్లలు ఎక్కడున్నారు? నా బాధల్లా అన్నీ ఒకే మూసలో ఉండటం. ప్రతి కథ కిందా ‘నీతి’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఒక వాక్యం. పిల్లలు తెలివైనవాళ్ళు, తొందరగానే కనిపెట్టేస్తారు. కథంతా చదవక్కర్లేదు, ఆఖరి లైను చూసుకుంటే టీచరు అడిగే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది అని.

కాబట్టి ఇవాళ నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. తరగతికి పుస్తకం ఎంచేటప్పుడు ‘ఇందులో నీతి ఏముంది?’ అని మొదలుపెట్టకండి. ఇది ఏ రకం పుస్తకం, ఈ రకం మన దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయి, ఇది ఏ పిల్ల చేతికి వెళుతుంది అని అడగండి. కథలంటే అంతగా పట్టని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మనం వాళ్ళకు కథలే ఇస్తాం, వాళ్ళు పక్కన పెడతారు, ‘చదవడం ఇష్టం లేదు’ అని మనం రాసేస్తాం.

ఒక నాలుగో తరగతి గదిలో చూసిన సంగతి చెబుతాను. అక్కడి టీచరమ్మ కిటికీ నుంచి కిటికీకి కొబ్బరితాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశారు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. వాటిలో పాముల గురించి ఒక పలచటి పుస్తకం ఉంది, ఫొటోలతో. కథల పుస్తకం ఇస్తే బొమ్మలు తిప్పేసి పెట్టేసే ఒకమ్మాయి దాన్ని పట్టుకుంది. ఒక పేజీలో ‘పాములు పాలు తాగవు’ అని ఉంది. ఆ పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది, ఆగింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. పక్క పిల్లను మోచేత్తో పొడిచింది. ‘ఏమే, పాము పాలు తాగదంట!’ అవతలి పిల్ల ఊరుకుంటుందా? ‘మా నాయనమ్మ పుట్టల పాలు పోస్తది గదా, మరి గవి ఎవరు తాగుతరు?’ ఇక చూడండి గొడవ. తరగతి రెండు పార్టీలైంది.

టీచరమ్మ తీర్పు చెప్పలేదు. ‘పుస్తకంలో ఇంకా ఏమన్నా రాశారేమో చూడండి’ అని తన పనిలో పడ్డారు. నాకు చాలా నచ్చింది అది. ఏడెనిమిది తలకాయలు ఒక్క పుస్తకం మీద! మన పొలాల్లో కాటేస్తే ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా నాలుగు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి అని చదివారు. కనబడితే చాలు కర్ర తీసుకుని వెంటబడతామే, ఆ జెర్రిపోతుకు అసలు విషమే లేదని చదివి బిత్తరపోయారు. ‘రక్తపింజరి’ దగ్గర ‘క్త’ ఒత్తు అడ్డం పడింది. ఆ మాట వాళ్ళకు చెవిలో ఉంది, పొలం దగ్గర విన్నదే. ముందు ‘ర’, వెనక ‘పింజరి’ చూసి ఊహించి దాటేశారు. చదవడం వచ్చినవాళ్ళు చేసే పని సరిగ్గా అదే. అదే ఒత్తు పాఠంలో ఇంకో కొత్త మాటలో వచ్చి ఉంటే ఆ పిల్ల అక్కడే కూర్చుండిపోయేది.

ఆ పుస్తకంలో కథ లేదు, పాత్రలు లేవు, నీతి లేదు. పిల్లలకు అవసరమైన సమాచారం ఉంది, దానిమీద పోట్లాడుకోవడానికి ఒక వాక్యం ఉంది. మన బీరువాల్లో ఇలాంటి పుస్తకాలు ఎన్ని? పురుగులు, విత్తనాలు, మన ఒంట్లో ఎముకలు, బావిలోకి నీళ్ళెలా వస్తాయి, జేసీబీ ఎలా పనిచేస్తుంది? మగపిల్లల్లో సగం మంది జేసీబీ పుస్తకం కోసం కొట్టుకుంటారు, ఆడపిల్లలూ తక్కువేం కాదు.

అయితే సమాచార పుస్తకం ఎంచడంలో ఒక తలనొప్పి ఉంది. కథకు పాతబడటం తక్కువ, దీనికి ఎక్కువ. 2006లో ఖగోళ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ప్లూటోను గ్రహాల వరసలోంచి తీసేసింది. మన బీరువాల్లో ఇంకా తొమ్మిది గ్రహాలే తిరుగుతున్నాయి. ఇరవై మూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్ మ్యాపు ఉన్న పుస్తకాలు ఎంతమంది దగ్గర ఉన్నాయి? చేతులు చాలానే లేచాయి. (నవ్వులు) వాటిని పారేయమని నేననను. ఐదో తరగతి వాళ్ళకిచ్చి ‘ఇందులో ఇప్పుడు మారిపోయినవి ఏమిటో పట్టుకోండి’ అనండి. అచ్చులో ఉన్నదల్లా నిజం అనుకోనక్కర్లేదని వాళ్ళకు తెలియడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలీదు. కొత్తగా కొనేటప్పుడు మాత్రం ముద్రణ సంవత్సరం చూడండి, బొమ్మలు చూడండి. మన చుట్టూ ఉన్న పిట్టలను వదిలేసి పెంగ్విన్లతో నింపిన పక్షుల పుస్తకం అయితే ఒకటి చాలు. పాలపిట్ట, గిజిగాడు, లకుముకి పిట్ట ఉన్న పుస్తకం దొరికితే రెండు కాపీలు కొనండి.

ఇప్పుడు ఒకటి, రెండు తరగతుల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే దెబ్బ తగిలేది ఇక్కడే. గ్రామాల్లో పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2024 నివేదిక చూశారు కదా. దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతం. అంతకుముందు 2022లో వచ్చినదానికంటే మెరుగే, అయినా నలుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. అంటే ‘మూడో తరగతి పుస్తకాలు’ అని అట్ట మీద రాసి ఉన్న కట్టను మూడో తరగతికి పంచేస్తే, ముప్పాతిక మందికి అవి బొమ్మల పుస్తకాలే. కాకపోతే బొమ్మలు తక్కువగా ఉన్న బొమ్మల పుస్తకాలు.

తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకు రెండు గుదిబండలు. ఒకటి ఒత్తులు. రెండోది మాట పొడవు. ‘వెళ్ళిపోతున్నాడనుకున్నారు’. మనకిది ఒక్క మాట, ఒక్క చూపులో చదివేస్తాం. రెండో తరగతి పిల్ల దగ్గర కూర్చుని వినండి. ‘వె... ళ్ళి... పో...’ అని తిప్పలు పడి ‘న్నారు’ దగ్గరికి చేరేసరికి మొదట్లో ఉన్న ‘వెళ్ళి’ మరిచిపోయి ఉంటుంది. వెళ్ళింది ఎవరు, అనుకున్నది ఎవరు, అంతా గంగలో కలిసిపోతుంది. 

అందుకని స్థాయిల సంగతి చెప్పాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ మీలో చాలామందికి తెలుసు. 2015 నుంచి ఉంది, తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి, ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. లైసెన్సు కూడా ఒప్పుకుంటుంది. అక్కడ నాలుగు స్థాయిలు. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, ఆ పైన ఉన్నది నాలుగోది. బాగానే ఉంది. అయితే ఆ లెక్క అన్ని భాషలకూ ఒకటే. మన మాట పొడుగు, ఒక్కో మాట రెండు మూడు మాటల బరువు మోస్తుంది. కాబట్టి ‘ఒకటో స్థాయి’ అని చూసి నేరుగా ఒకటో తరగతికి ఇచ్చేయకండి. మీరే ఒకసారి పైకి చదవండి. ఒక పేజీలో ఎన్ని ఒత్తులు తగిలాయి? ఐదారు అక్షరాలు దాటిన మాటలు ఎన్ని? చదువుతుంటే ఎక్కడైనా మీ నాలుకే తడబడిందా? చాలావరకు అనువాదాలు కదా, కొన్ని చక్కగా ఉంటాయి. కొన్నిటిలో మాటలు తెలుగువే కానీ వాక్యం మనింట్లో ఎవరూ మాట్లాడరు. పైకి చదివితే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది, మనసులో చదువుకుంటే తెలీదు.

మరి ఒకటో తరగతికి ఏమివ్వాలి? వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు...’ మీరే పూర్తి చేసేట్టున్నారు! చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. ఇలా ఆవు, పాలేరు, అవ్వ, పాప, చివరికి చీమ. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’

దీన్ని పుస్తకం చేసే కన్నుతో చూడండి. దాదాపు ఏ వాక్యమూ నాలుగైదు మాటలకు మించదు. ‘ఎందుకు’ ప్రతి పేజీలో వస్తుంది. పిలుపు రెండుసార్లు వస్తుంది, చేపా చేపా, ఆవా ఆవా, చీమా చీమా. జవాబులో సగం మాటలు తర్వాతి ప్రశ్నలో మళ్ళీ వస్తాయి. అన్నిటికీ మించి, పిల్లకు ఇది నోటికి వచ్చు. నోటికి వచ్చిన దాని మీద వేలు పెట్టి చదువుతుంటే ‘ఇది చదవడం కాదు, అప్పజెప్పడం’ అంటారు కొందరు టీచర్లు. నేనొప్పుకోను. వేలు ‘గడ్డిమేటా’ మీద ఉన్నప్పుడు నోరు ‘ఆవా’ అంటే ఆ పిల్ల తనంతట తనే ఆగి వెనక్కి వెళుతుంది, చూడండి కావాలంటే. నోటిలో ఉన్న మాటకీ, కాగితం మీద ఉన్న మాటకీ లంకె పడుతున్న క్షణం అదే. పేజీకి ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక బొమ్మ. చార్టు పేపర్లు మడిచి కుట్టి మీరే చేసుకోవచ్చు. బొమ్మలు పిల్లలు వేస్తారు. చేపకు కాళ్ళు వేసినా ఏం పర్వాలేదు.

పాటలు కూడా ఇలాగే. వానా వానా వల్లప్ప, కాళ్ళా గజ్జా కంకాళమ్మా, బుర్రు పిట్ట. ఇవి మనం ఆడిస్తాం, పాడిస్తాం, అచ్చులో మాత్రం చూపించం. ఇక పొడుపు కథలు. పుస్తకాల ఎంపిక అనగానే ఎవరికీ గుర్తురాని రకం ఇది. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు.’ రెండు లైన్లు. చదవడానికి అరనిమిషం, ఆలోచించడానికి ఐదు నిమిషాలు. కనురెప్పలు అని తట్టాక ఆ రెండు లైన్లూ మళ్ళీ చదువుకుంటారు, సరిపోయిందా లేదా అని. రెండోసారి చదవమని మనం చెప్పక్కర్లేని సాహిత్యం ఇదొక్కటే. అయితే పాతవి కొన్ని ఇప్పటి పిల్లలకు అందవు. ‘తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది’ అని ఒక బడిలో అడిగితే, ఐదో తరగతి కుర్రాడు ఠక్కున ‘వాట్సాప్’ అన్నాడు. (నవ్వులు) ఉత్తరం అని నేను చెబితే, ‘అంటే ఏంది సార్?’ అన్నాడు. వాడి జవాబే ఇప్పుడు రైటేమో.

ఇక చందమామ. ఈ మాట ఎత్తకుండా నన్ను ఎలాగూ పోనివ్వరు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారు, కొడవటిగంటి కుటుంబరావు గారు దశాబ్దాల పాటు దాని వాక్యాన్ని చెక్కారు. నేనూ దాని మీదే పెరిగాను. కానీ ఒక చేదు మాట చెబుతాను. పాత చందమామ బైండు వాల్యూములు తెచ్చి రెండో తరగతి గదిలో పెట్టడం పిల్లల కోసం చేసే పని కాదండీ, మన చిన్నతనం కోసం చేసుకునే పని. రెండు కాలమ్‌ల సన్నటి అచ్చు, పేజీకి మూడు వందల మాటలు, ‘జమీందారు’, ‘దివాణం’, ‘వర్తకుడు’. ఐదో తరగతిలో బాగా చదివే పిల్లలకైతే సరే. మిగతావాళ్ళు చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వపా) గారి ముఖచిత్రం చూసి మురిసి మూసేస్తారు.

మరి వదిలేయాలా? వద్దు. ఇక్కడే ఒక తేడా పెట్టుకోవాలి. పిల్లలు తామే చదువుకునే పుస్తకాలు వేరు, మనం పైకి చదివి వినిపించేవి వేరు. మన దగ్గర రెండూ ఒకే కుప్పలో ఉంటాయి. వినిపించే పుస్తకం పిల్లల స్థాయికి రెండు మెట్లు పైన ఉండాలి, ఉంటేనే రుచి. బేతాళ కథ చూడండి, ‘సమాధానం తెలిసీ చెప్పకపోతే నీ తల పగిలిపోతుంది’ అని చివర ఒక ప్రశ్న. టీచరు సరిగ్గా అక్కడ పుస్తకం మూసేసి మధ్యాహ్నం బెల్లు కొట్టించారనుకోండి, అన్నం దగ్గర కూడా అదే చర్చ. విక్రమార్కుడి జవాబు మర్నాడు చదవొచ్చు, తొందరేం లేదు. గుజరాత్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా కూడా ఇలాగే కథ దగ్గర మొదలుపెట్టాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో మేష్టారు తరగతిని లొంగదీసేది కథ చెప్పే. చదవమని మొదటి రోజే ఎవరినీ కూర్చోబెట్టడు. మన ట్రైనింగుల్లో ఆ పేరు చెబుతారు, పుస్తకం మాత్రం ఎవరూ చేతికివ్వరు.

మహనీయుల జీవితాల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను. మన దగ్గరున్న జీవిత చరిత్రల్లో నూటికి తొంభై ‘ఫలానా సంవత్సరం, ఫలానా తేదీన, ఫలానా పుణ్యదంపతులకు జన్మించారు’ అని మొదలవుతాయి. మూడో తరగతి పిల్లకు ఆ తేదీ దేనికి? భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకోండి, టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొదటిది ఆరియోమైసిన్ ఆయన నడిపించిన పరిశోధన విభాగంలోనే వచ్చింది. చిన్నప్పుడు ఆయన కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడంటారు. అరటిపళ్ళతో మొదలయ్యే పుస్తకం కొనండి. పుణ్యదంపతులతో మొదలయ్యేది అక్కడే పెట్టేయండి.

కామిక్సులు. ‘అవి చదువు కాదు’ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. బుడగలో ఉండేది మాట్లాడే భాష, మాట చిన్నది, అర్థం కాకపోతే బొమ్మ పట్టిస్తుంది. చదవనని మొండికేసిన పిల్లకు ఇవ్వాల్సిన మొదటి మందు అదే. నాటికలు కూడా అంతే. ఒకే గదిలో మూడు తరగతులు నడిపే ఏకోపాధ్యాయ బళ్ళకు అవి వరం. బాగా చదివేవాడికి రాజు, ఇప్పుడిప్పుడే చదివేవాడికి ‘చిత్తం ప్రభూ’. (నవ్వులు) ఆ ‘చిత్తం ప్రభూ’ పిల్లవాడు తన రెండు మాటల కోసం నాటిక మొత్తం వేలు పెట్టి అనుసరిస్తాడు.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన సంగతి. పుస్తకంలో ఎవరి ఇల్లు ఉంది? మన పిల్లల పుస్తకాల్లో తండ్రి ఆఫీసు నుంచి వస్తాడు, తల్లి వంటింట్లో ఉంటుంది, తాతయ్య పడక్కుర్చీలో పేపరు చదువుతాడు, పండక్కి బొబ్బట్లు. మన బళ్ళలో కూర్చున్న పిల్లల ఇళ్ళలో పడక్కుర్చీ ఎన్ని ఇళ్ళలో ఉంది? కూలికి పోయే అమ్మ, తాటిచెట్టు ఎక్కే నాన్న, తండా, మసీదు వీధి, బీడీలు చుట్టే అక్క, వీళ్ళు పుస్తకంలో కనిపిస్తే అది ‘సమస్య’ గురించిన కథ అవుతుంది, చివర్లో ఎవరో వచ్చి ఉద్ధరిస్తారు. మామూలుగా, సరదాగా, అల్లరిగా ఆ పిల్లలు ఉండే కథలు ఉండాలి. హైదరాబాద్ అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ అని ఒక వరస తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటివాళ్ళు రాశారు. అందులో ఒక కథ పేరే తలకాయ కూర. పిల్లల పుస్తకం అట్ట మీద తలకాయ కూర! ఆ పేరు చదివి ఒక మూడో తరగతి పిల్ల మొహం ఎలా వెలిగిందో చూసినవాడిని. ‘మా ఇంట్ల ఆదివారం అదే’ అంది. కొందరు టీచర్లు ‘ఇదేంటి సార్, పిల్లల పుస్తకంలో’ అని ముక్కు విరిచారు. లడ్డూకు లేని అభ్యంతరం దీనికెందుకో నాకు అర్థం కాదు.

ఏజెన్సీ బళ్ళ టీచర్లు ఎవరైనా ఉన్నారా? ఆ వెనక ఇద్దరున్నారు. మీకు ఈ ప్రశ్న ఇంకో మెట్టు పైనుంచి మొదలవుతుంది, ఎవరి ఇల్లు అని కాక ఎవరి భాష అని. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. ఎక్కడైనా పాత కాపీలు మిగిలి ఉంటే స్టాకు రిజిస్టరులోంచి కొట్టేయకుండా దాచండి. దొరక్కపోతే పిల్లల అవ్వను బడికి పిలిచి ఒక కథ చెప్పించుకోండి, మీరు తెలుగు అక్షరాల్లో రాయండి, కింద తెలుగులో రాయండి. అంతకంటే మంచి రెండు భాషల పుస్తకం ఏ ప్రచురణకర్తా వేయలేడు.

అలాగని మన ఊరు, మన ఇల్లు ఉన్నవే ఇవ్వమని కూడా నా ఉద్దేశం కాదు. మాస్కో నుంచి వచ్చిన తెలుగు పిల్లల పుస్తకాలు చదివి, మంచు ఎన్నడూ చూడని ఊళ్ళలో మనం మంచులో నడిచాం. 1991 తర్వాత ఆ రాక ఆగిపోయింది. కొన్నిటిని సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వాళ్ళు మళ్ళీ అచ్చువేశారు, ధర కూడా మనకు అందేదే. అవి చూడండి, చెన్నై తూలిక వాళ్ళ రెండు భాషల పుస్తకాలు చూడండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాల వరస ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ ఎలాగూ ఉంది.

డబ్బు మాట. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలి, అందులో వార్తాపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలు సహా ఉండాలి అని రాసి ఉంది. సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక పాఠశాల లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల దాకా. ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది, కట్టలు పైనుంచే వస్తాయా అన్నది మీకే బాగా తెలుసు, ఆ నవ్వులే చెబుతున్నాయి. మీ చేతికి వచ్చినప్పుడైతే నేను చెప్పేది ఇది. సగానికి పైగా ఒకటి రెండు తరగతుల పిల్లలు సొంతంగా చదవగలిగేవి కొనండి, ఎందుకంటే కరువు అక్కడే. మిగిలిన దాంట్లో ముందు సమాచార పుస్తకాలు, తర్వాత పాటలు, పొడుపు కథలు, కామిక్సులు. పైకి చదివి వినిపించేవి నాలుగైదు మంచివి చాలు. నీతికథలకు పైసా పెట్టకండి, అవి ఎలాగూ దాతలు ఇస్తారు. ప్రతి పుట్టినరోజుకూ ఒక పంచతంత్రం మీ బడికి వచ్చి తీరుతుంది. (నవ్వులు)

చిరుగుతాయి సార్, ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలి అని అడుగుతారు. ఇందాక టీ దగ్గర ఇద్దరు అడిగారు కూడా. చిరుగుతాయి. ఏడాదంతా పిల్లల చేతుల్లో తిరిగిన పుస్తకం చిరగకపోతే దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. మీ ఎంఈవో (మండల విద్యాధికారి) గారితో మాట్లాడి, చిరిగినవాటిని తరుగుగా రాసుకునే పద్ధతి ఒకటి రాతపూర్వకంగా పెట్టించుకోండి. కాంప్లెక్స్ మొత్తం కలిసి అడిగితే పని అవుతుంది, ఒక్కొక్కరుగా అడిగితే మెమో వస్తుంది. ఈలోగా అట్టలకు వెడల్పాటి సెల్లోటేపు, మధ్యలో దారంతో రెండు కుట్లు. ఐదో తరగతి పిల్లలకు నేర్పిస్తే వాళ్ళే చేస్తారు, పైగా కుట్టేటప్పుడు చదువుతారు.

సరే, వాసన మొదలైంది. భోజనాలయ్యాక మనం చేసే పని చెప్పి దిగిపోతాను. ఆ మూల బల్ల మీద కొన్ని పుస్తకాలు పరిచాను, రకరకాలవి, మంచివీ చెత్తవీ కలిపే. ఇద్దరిద్దరు జతగా ఒకటి తీసుకోండి. అట్ట వెనక రాసింది చదవకండి. మధ్యలో ఒక పేజీ తీసి ఒకరు పైకి చదవండి, రెండోవాళ్ళు కళ్ళు మూసుకుని వినండి, వినేది రెండో తరగతి పిల్ల అనుకుని. తర్వాత ఒక చీటీ మీద మూడు సంగతులు రాయండి. ఇది ఏ రకం పుస్తకం, పిల్ల చదవాలా మనం చదవాలా, మీ తరగతిలో దీన్ని మొదట ఎవరికిస్తారు. ఆ మూడోది పేరుతో సహా రాయాలి. ‘పిల్లలందరికీ’ అని రాసిన చీటీలు వెనక్కి ఇచ్చేస్తాను.